ఇంట్లో ప్రతి గదికీ వైఫై అందాలంటే



హోంవర్కు, ప్రాక్టీసు టెస్టులు, సందేహాల క్లాసులు ఇప్పుడు సగం ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో నడుస్తున్నాయి. టెస్టు మధ్యలో సిగ్నల్ పోతే పిల్లలు వెనక గదిలోంచి లేచి వీధి అరుగు మీదకు వస్తారు. చీకట్లో దోమలు కుడుతున్నా అక్కడే కూర్చుని పూర్తి చేస్తారు. మనమేమో కనెక్షన్ వాళ్లకు ఫోన్ చేసి ఇంకా పెద్ద ప్లాన్ తీసుకుంటాం. నెలనెలా బిల్లు పెరుగుతుంది గానీ వెనక గదిలో పరిస్థితి మారదు. చాలా ఇళ్లలో లోపం బయటి లైనులో ఉండదు, ఇంటి లోపలే ఉంటుంది.

మన కోనసీమకు ఫైబర్ కొత్త కాదు. సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో 2016 డిసెంబరులోనే ఏపీ ఫైబర్‌నెట్ సేవలు మొదలయ్యాయి. కరెంటు స్తంభాల మీదుగా తీగ ఇంటి గుమ్మం దాకా వచ్చేస్తోంది. గుమ్మం నుంచి చదువుకునే బల్ల దాకా దాన్ని చేర్చుకోవడమే మన పని.

ముందు లోపం ఎక్కడో చూడండి

రూటర్ పక్కనే నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేయండి. తర్వాత పిల్లలు చదువుకునే చోట అదే ఫోన్‌తో మళ్లీ చేయండి. రూటర్ పక్కనే వేగం మీ ప్లాన్ కంటే బాగా తక్కువగా ఉంటే కనెక్షన్ వాళ్లకు ఫిర్యాదు చేయాలి. అక్కడ బాగుండి లోపలి గదిలో పడిపోతే పెద్ద ప్లాన్ వల్ల ఉపయోగం లేదు. ఒక వీడియో క్లాసుకు మూడు నాలుగు ఎంబీపీఎస్ నిలకడగా అందితే సరిపోతుంది.

గోడలు ఏం చేస్తాయి?

రూటర్ సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రకాల తరంగాలు పంపుతుంది. 5 వేగంగా ఉంటుంది గానీ గోడ అడ్డొస్తే త్వరగా నీరసపడుతుంది. 2.4 ఎక్కువ దూరం వెళ్తుంది. కాకపోతే పక్కింటి రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాన్నే వాడతాయి కాబట్టి రద్దీ ఎక్కువ. దగ్గర గదుల్లో 5, దూరపు గదుల్లో 2.4 ఎంచుకోండి.

ఇనుప బీరువా, పెద్ద అద్దం, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు సిగ్నల్‌కు గట్టి అడ్డంకులు. డాబా ఇంట్లో స్లాబులోని ఇనుప చువ్వల వల్ల మేడ మీదకు తక్కువగా చేరుతుంది. పాత మండువా ఇళ్లలో మూరెడు మందం గోడలుంటాయి. రెండు గోడలు దాటేసరికి పెద్దగా ఏమీ మిగలదు. అయితే ఆ ఇళ్లకు ఒక సౌకర్యం ఉంది. గదుల గుమ్మాలన్నీ మండువా వైపే తెరుచుకుంటాయి. వాన జల్లు తగలకుండా మండువా వైపు వసారాలో రూటర్ పెడితే సిగ్నల్ గోడల్లోంచి కాకుండా గుమ్మాల గుండా గదుల్లోకి వెళ్తుంది.

రూటర్ ఎక్కడ పెట్టాలి?

బిగించడానికి వచ్చిన కుర్రాడు తీగ లోపలికి వచ్చిన చోటే, అంటే వీధి కిటికీ పక్కనే పెట్టి వెళ్లిపోతాడు. సగం సిగ్నల్ రోడ్డు పాలవుతుంది. ఇంటి మధ్యకు తీగ లాగమని బిగించే ముందే అడగండి. ఫైబర్ తీగను మూలల దగ్గర గట్టిగా మడవనివ్వకండి, లోపలి గాజు పోగు విరుగుతుంది.

రూటర్ మనిషి తల ఎత్తులో గానీ, ఇంకాస్త పైన గానీ ఉండాలి. టీవీ వెనక, అలమరలో, బీరువా మీద వద్దు. యాంటెన్నాలు నిటారుగా ఉంటే సిగ్నల్ చుట్టుపక్కలకు పరుచుకుంటుంది. మేడ మీద కూడా కావాలంటే ఒక యాంటెన్నాను అడ్డంగా వంచి చూడండి.

అప్పటికీ అందకపోతే

తక్కువ ఖర్చులో దొరికేది రిపీటర్. దాన్ని సిగ్నల్ లేని గదిలో పెడితే లాభం లేదు, పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. రూటర్‌కూ ఆ గదికీ మధ్యలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. మామూలు రిపీటర్‌తో వేగం సుమారు సగానికి పడిపోతుంది.

మందపాటి గోడలకు, మేడ గదులకు నమ్మకమైన మార్గం ల్యాన్ కేబుల్. రూటర్ నుంచి ఆ గదికి కేబుల్ లాగి, చివర యాక్సెస్ పాయింట్ బిగించాలి. మెష్ సెట్లు కొన్నా, వీలైన చోట వాటిని కూడా కేబుల్‌తో కలిపితే బాగా పనిచేస్తాయి. కొత్త ఇల్లు కడుతుంటే కరెంటు పైపులతో పాటు ఈ కేబుల్‌కు విడిగా ఒక పైపు వేయించండి. తర్వాత గోడలు పగలగొట్టే పని తప్పుతుంది.

కరెంటు పోతే రూటర్ కూడా ఆగిపోతుంది. ఇన్వర్టర్ లేనివారు రూటర్ కోసం చిన్న యూపీఎస్ తీసుకోవచ్చు. అడాప్టర్ మీద రాసిన వోల్టేజీకి సరిపోయేదే కొనండి. ఉరుములు మెరుపులు మొదలవుతున్నాయంటే అడాప్టర్‌ను ప్లగ్గు నుంచి తీసేయండి. ఫైబర్ గాజు తీగ కాబట్టి పిడుగు దెబ్బ ఎక్కువగా కరెంటు లైను గుండానే వస్తుంది.

చివరగా ఒక మాట. ఇంట్లో ప్రతి మూలకూ సిగ్నల్ అందాల్సిన అవసరం ఉందా అని కూడా ఆలోచించండి. పిల్లల పడకగదిలో అర్ధరాత్రి వేళ సిగ్నల్ బలంగా ఉంటే చదువు కన్నా నిద్ర చెడడమే ఎక్కువ. పెద్దవాళ్లు తిరుగుతుండే హాల్లోనో సావిట్లోనో చదువుకునే బల్ల వేసి, ముందు అక్కడికి సిగ్నల్ బాగా అందేలా చూడండి. ఈ ఆదివారం ఒక గంట కేటాయించి, పిల్లల చేతికే ఫోన్ ఇచ్చి గదిగదికీ స్పీడ్ టెస్ట్ చేయించి, అంకెలు కాగితం మీద రాయించండి. రూటర్ ఎక్కడికి జరపాలో ఆ కాగితం చూస్తే తెలిసిపోతుంది.