అంతర్జాల బోధనలో శ్రవణ మననములు

ఇల్లు కదలక విశ్వవిద్యాలయ విద్య నార్జించుట ఆంధ్రులకు క్రొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లో దూరవిద్యను ప్రారంభించినది. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. అయినను అవి కోరి చేరినవారికై యేర్పడినవి. 2020 మార్చిలో కోవిడ్ వ్యాధి కారణమున కళాశాలలు మూతపడగా, ఏలూరు, తాడేపల్లిగూడెములకు నిత్యము వచ్చి చదువుకొనుచుండిన కొల్లేటి లంకల విద్యార్థి కోరకయే తెరయెదుట కూర్చుండవలసి వచ్చినది.

సౌకర్యముల లోపము స్పష్టమే. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశమున అంతర్జాల సదుపాయము గల గృహములు పట్టణములందు నూటికి 42, గ్రామములందు 15. దీనిని గూర్చి పలువురు వ్రాసియున్నారు. సదుపాయము సమకూరిన పిదప సయితము మిగులు ప్రశ్న యొకటి కలదు: విద్యార్థి వినుచున్నాడు సరే, అతనిని వినువా రెవరు?

టుగాగమ సంధిని ఉదాహరణముగా గైకొందము. కర్మధారయ సమాసమున ఉకారమునకు అచ్చు పరమైనపుడు టకారము వచ్చునని చెప్పి, కఱకు, అమ్ము కలిసి కఱకుటమ్ము అయినదని చూపుదుము. ధ్వనిముద్రిత పాఠమున దీనిని విద్యార్థి పదిమారులు వినవచ్చును. శ్రవణమునకు ఇది చిన్న మేలు కాదు. తరగతిలో మరల నడుగుటకు జంకువానికి, చేపల చెరువు పనిలో పగలు గడచినవానికి వరమే. అయితే కఱకుటమ్మును అతడు పుస్తకమున తప్ప ఎఱుగడు. కొల్లేటి నీటిని సముద్రమునకు చేర్చు ఉప్పుటేరును పుట్టినది మొదలు ఎఱుగును. "మీ యూరి మాటలలో ఇట్టిది కలదా?" యని తరగతిలో అడిగిన, ఎవరో యొకరు ఆ పేరు చెప్పుదురు. ఉప్పు, ఏరు కలిసి ఉప్పేరు కాక ఉప్పుటేరైనదేల యని చర్చ పుట్టును. పదునైదు నిమిషములు పోవును, పాఠ్యప్రణాళిక వెనుకబడును. సూత్రము మాత్రము అతని సొత్తగును. నలువదిమంది మైకులు మూసికొనియున్న పాఠమున ఈ సంభాషణమునకు, దాని వెంట వచ్చు మననమునకు, తావు తక్కువ. పద్యపఠనము సంగతి చెప్పనక్కఱలేదు. పలువురి గొంతులు వేర్వేరు క్షణములందు చేరును గావున కలిసి చదువుట పొసగదు.

ఈ చర్చ కోవిడ్ కాలముతో ముగియలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2021 నిబంధనలలో, ఒక అర్ధసంవత్సరపు పాఠ్యాంశములలో నూటికి 40 వఱకు 'స్వయం' వేదిక ద్వారా చదువుటకు అనుమతించినది. సాహిత్య చరిత్రను ఆ భాగమున చేర్చిన పెద్ద నష్టము లేదని నా యభిప్రాయము. వ్యాకరణ ఛందస్సులను చేర్చుటకు ముందు, ఆ పాఠమున విద్యార్థి నోరు విప్పు గంటలెన్నియో పాఠ్యనిర్ణయ సంఘములు లెక్కించి చూడవలెను.