ఆవుకి తొక్కలు వేస్తున్నారా? ఒక్క నిమిషం!

కూర తరిగాక ఆ తొక్కలు ఆవుకి వేయడం మనలో చాలామందికి అలవాటు. పుణ్యానికి పుణ్యం, చెత్తకి చెత్తా పోతుందని నేనూ వేసేదాన్ని. అదీ ఎలా? ప్లాస్టిక్ కవరులో పోసి, మూతి ముడేసి, వీధి చివర పెట్టి వచ్చేదాన్ని.

మా వీధిలో పాలు పోసే ఆవిడకి చూడి ఆవు ఒకటుండేది. ఉన్నట్టుండి మేత మానేసింది, పొట్ట ఉబ్బింది, నాలుగు రోజుల్లో చచ్చిపోయింది. డాక్టరుగారు కోసి చూస్తే పొట్టనిండా కవర్లే! "ఎవరు పడేసినవో ఏం చెప్తామమ్మా" అందావిడ నాతోనే. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

కవరును ఉమ్మేయదా అని డాక్టరుగారిని అడిగాను. ఆవుకి పైదవడలో ముందు పళ్ళుండవు, గట్టి చిగురే ఉంటుంది. మేతను నాలుకతో చుట్టి లాక్కుని, సరిగా నమలకుండానే మింగేస్తుంది. దాని పొట్టలో నాలుగు అరలు. మొదటిది చాలా పెద్దది, పెద్ద ఆవుకి నూరు లీటర్ల పైనే పడుతుంది. మన ఇడ్లీపిండి పులిసినట్టు మేత అక్కడ పులుస్తుంది. తీరిగ్గా పడుకున్నప్పుడు దాన్నే నోట్లోకి తెచ్చుకుని, రోజుకి ఆరేడు గంటలు నెమరు వేస్తుంది. మెత్తబడ్డాకే అది ముందు అరల్లోకి వెళుతుంది. కవరు అరగదు, ముందుకీ పోదు. అక్కడే ఉండగా చుట్టుకుపోతుంది. మేకులు, తీగముక్కలైతే రెండో అరలో చేరతాయి. దాని పక్కనే గుండె!

పెళ్ళిలో మిగిలిన అన్నం గంపెడు పెట్టడం కూడా తప్పే. పొట్టలో ఒక్కసారిగా పులుపెక్కి ప్రాణం మీదికొస్తుంది.

ఇంకోమాట. ఆవు కూడా మనలాగే తొమ్మిది నెలల పైన మోస్తుంది. కానీ రోగాలను తట్టుకునే శక్తి దూడకి తల్లి కడుపులో అందదు, ముర్రుపాలతోనే వస్తుంది. ఈనిన గంట, రెండు గంటల్లో ఆ పాలు తాగాలి. జున్నుపాలు అడిగేముందు "దూడ కడుపునిండా తాగిందా?" అని అడగండి.

120 మైక్రాన్ల కన్నా పల్చటి కవర్లను 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. అయినా మన వంటింట్లోకి వస్తూనే ఉన్నాయి. అందుకని:

* తొక్కలు పాత బకెట్లోనో, తట్టలోనో వేసి, ఆవు ముందు కుమ్మరించండి.
* రబ్బరు బ్యాండ్లు, పిన్నులు, దారాలు ముందే ఏరేయండి.
* బూజు పట్టినవి, పాచిపోయినవి పెట్టకండి.
* నీళ్ళ తొట్టి ఒకటి గుమ్మం పక్కన ఉంచండి.
* ఆవు నెమరు మానేసిందని కనిపిస్తే యజమానికి చెప్పండి. త్వరగా చూపిస్తే ఆపరేషన్ చేసి కవర్లు తీయొచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో తొక్కల బకెట్ వేరే ఉంది. పాలావిడ రోజూ వచ్చి పట్టుకెళుతోంది. కొత్త ఆవు బాగానే ఉంది.