దూరం పెరిగి సమయం తగ్గిన దారి

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు భూగోళం మీద అతి దగ్గరి దారి దాదాపు 12,400 కిలోమీటర్లు. అయితే ఆ అంకెను బట్టి ప్రయాణకాలాన్ని లెక్కగట్టబోతే పొరబడక తప్పదు. ఎందుకంటే ఈ రెండు నగరాల మధ్య విమానాలు ఎగిరిన దారుల్లో బాగా పొడవైన ఒకటే ఒకప్పుడు ప్రయాణికులను ముందుగా గమ్యం చేర్చింది.

గోళాన్ని సరిగ్గా రెండు సగాలుగా ఖండించే వృత్తాన్ని మహావృత్తం అంటారు. రెండు ఊళ్ల మధ్య అతి చిన్న మార్గం ఎప్పుడూ ఇందులో ఒక ముక్కే. ఢిల్లీ 77 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, శాన్‌ఫ్రాన్సిస్కో 122 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉన్నందువల్ల, వాటిని కలిపే మహావృత్తం దాదాపు ఉత్తరదిక్కుగా సాగి, సైబీరియాను దాటి, ఆర్కిటిక్ సముద్రాన్ని తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. గోడకు వేలాడే చదునైన పటం ధ్రువప్రాంతాన్ని సాగదీసి చూపుతుంది గనుక, బడిలో ఆ పటంతోనే భూమిని ఎరిగిన కంటికి ఈ దారి సులభంగా నమ్మబుద్ధి కాదు.

2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసును అట్లాంటిక్ మీదుగా గాక పసిఫిక్ మీదుగా నడిపినప్పుడు దూరం సుమారు 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది, ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. ఈ వింతకు మూలం జెట్ స్ట్రీమ్, అంటే నేలకు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు నదిలా పారే బలమైన గాలి. ఆ ఎత్తున పెద్ద విమానం చుట్టూ ఉన్న గాలిని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో చీల్చుకుపోతుంది; ఆ గాలే తనతోపాటు ముందుకు కదులుతుంటే, నేలమీది ఊళ్లను దాటిపోయే వేగానికి, అంటే భూవేగానికి, దాని వేగం కూడా కలుస్తుంది. ఆనాటి దూరాన్ని కాలంతో భాగిస్తే సగటు భూవేగం వెయ్యి కిలోమీటర్లు దాటడం గమనించదగినది. ఈ గాలిని 1920లలోనే బెలూన్లు ఎగరేసి కొలిచిన జపాన్ శాస్త్రవేత్త వసబురో ఓయిషి తన ఫలితాలను ఎస్పెరాంటో భాషలో ప్రచురించగా, అంత విలువైన పరిశోధన చాలాకాలం ప్రపంచం కంటపడకపోవడం విచారకరం.

2019 ఆగస్టు 15న ఇదే సర్వీసు ఉత్తరధ్రువం మీదుగానూ ఎగిరింది. ఆ దారిలో విమాన ఇంధనం గడ్డకట్టే మైనస్ 47 డిగ్రీలకు చేరకుండా చూసుకోవడం పైలట్ల పని.

గాలి ఒక్కటే కాదు, సరిహద్దులూ కాలాన్ని మారుస్తాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేసినప్పుడు, ఢిల్లీ నుంచి పడమరకు పోయేవి దక్షిణంగా అరేబియా సముద్రం వైపు చుట్టు తిరగవలసి వచ్చింది, ఉత్తర అమెరికా విమానాలు కొన్ని ఇంధనం కోసం వియన్నాలో ఆగవలసి వచ్చింది. కాలిఫోర్నియాలోని మనుమలను చూడటానికి తెలుగు పల్లెల నుంచి ఢిల్లీ మీదుగా బయలుదేరే వృద్ధులకు ఇలా అదనంగా చేరే గంటలు కాళ్లవాపు, నడుంనొప్పి.