ఆన్‌లైన్ తరగతిలో పిల్లల చేత తెలుగు మాట్లాడించడం ఎలా?

శనివారం ఉదయం 10 గంటలు. తెర మీద ఎనిమిది చిన్న గళ్లు. ఒక గడిలో పిల్లవాడు ఇంకా సీరియల్ తింటున్నాడు. ఇంకో గడిలో సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే తిరుగుతోంది. ఒక పాప కళ్లు తెర అంచు వైపే పోతున్నాయి, పక్క విండోలో ఏదో ఆట తెరిచి ఉందని మీకు తెలిసిపోతోంది. రాత్రి కూర్చుని తయారు చేసుకున్న స్లైడ్లు ఒక్కొక్కటే చూపిస్తూ "అర్థమైందా పిల్లలూ?" అని మీరు అడుగుతారు. జవాబు రాదు. అందరూ మ్యూట్‌లో ఉన్నారు.

ఆన్‌లైన్‌లో చెప్పిన ప్రతి టీచరుకీ ఇది అనుభవమే. ఇలాంటి రోజున "పిల్లలకు శ్రద్ధ లేదు" అనో, "నాకే చెప్పడం రావట్లేదు" అనో అనుకోకండి. ముందు ఒక చిన్న లెక్క చూడండి.

లెక్క వేసి చూద్దాం

తరగతి 45 నిమిషాలు. అందులో సగం మీరే మాట్లాడారనుకుందాం. మిగిలింది 22 నిమిషాలు. ఎనిమిది మంది పిల్లలకు పంచితే ఒక్కొక్కరికి మూడు నిమిషాలు కూడా రావు. ఏడాదికి 30 తరగతులు జరిగినా, ఒక పిల్లవాడు మన తరగతిలో తెలుగు మాట్లాడేది ఏడాది మొత్తానికి గంటన్నర లోపే! అదీ ఒక్క నిమిషం కూడా వృథా కాకపోతే.

ఎదురుగా కూర్చున్న తరగతిలో ఈ లోటు కొంత తీరుతుంది. పక్కవాడితో గుసగుసలు ఉంటాయి, బ్రేక్‌లో ఆటలు ఉంటాయి, అందరూ కలిసి గట్టిగా చదవడం ఉంటుంది. వీడియోలో అవేవీ లేవు. అందుకే ఆన్‌లైన్ పాఠం తయారు చేసేటప్పుడు "నేనేం చెప్పాలి?" అనే ప్రశ్నకన్నా "పిల్లలు ఎన్నిసార్లు నోరు విప్పుతారు, ఎన్నిసార్లు చేత్తో రాస్తారు?" అనే ప్రశ్న ముందు వేసుకోండి. కదలకుండా తెర వైపు చూస్తూ కూర్చున్న పిల్లవాడు నేర్చుకుంటున్నాడని చెప్పలేం. చేతికో నోటికో పని ఉన్నవాడికి పక్క విండో గుర్తుకు రాదు.

ఒక వంతుకు ఒకరు కాకుండా, అందరికీ ఒకేసారి పని

ఒక్కొక్కరినీ పిలిచి చదివిస్తే మిగతా ఏడుగురు ఖాళీగా ఉంటారు. ఆరేడేళ్ల పిల్లలకు ఆ ఖాళీ చాలు, మనసు ఎగిరిపోవడానికి. కాబట్టి అందరూ ఒకేసారి చేసే పనులు ఎక్కువ పెట్టుకోండి.

పలక చూపించడం: ప్రతి ఇంట్లో ఒక చిన్న వైట్‌బోర్డు, నల్ల మార్కర్ ఉంచుకోమని మొదటి వారమే చెప్పండి. డాలర్ స్టోర్‌లో దొరికేది సరిపోతుంది. అదీ లేకపోతే తెల్ల కాగితం, లావు మార్కర్. పెన్సిల్‌తో రాసింది కెమెరాలో కనబడదు. మీరు "కోతి" అంటారు, అందరూ రాస్తారు, "ఒకటి, రెండు, మూడు, చూపించండి!" అనగానే ఎనిమిది పలకలు పైకి లేస్తాయి. ఎవరికి ఓత్వం వచ్చింది, ఎవరు ఒత్వం దగ్గరే ఆగారు అన్నది ఐదు సెకన్లలో మీకు తెలిసిపోతుంది. పలక పట్టుకున్నప్పుడు తమ అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయని కొందరు కంగారు పడతారు. చాలా యాప్‌లలో ఎవరి వీడియో వాళ్లకు అద్దంలోలా కనిపిస్తుంది, మిగతావాళ్లకు సరిగ్గానే కనిపిస్తుందని ముందే చెప్పండి.

ప్రశ్న ముందు, పేరు తర్వాత: పేరు ముందు పిలిస్తే మిగతావాళ్లు హమ్మయ్య అనుకుని వదిలేస్తారు. ప్రశ్న అడగండి, మనసులో ఐదు లెక్కపెట్టండి, అప్పుడు పేరు పిలవండి. ఆ ఐదు సెకన్లూ అందరూ ఆలోచిస్తారు. ఆ నిశ్శబ్దం మీకు ఇబ్బందిగా అనిపిస్తుంది. తెలుగులో జవాబు వెతుక్కునే పిల్లలకు ఆ సమయం కావాలి.

కలిసి చదవడం: అందరినీ అన్‌మ్యూట్ చేసి "కలిసి చెప్పండి" అంటే గందరగోళమే. ఒక్కొక్కరి ఇంటర్నెట్‌లో ఒక్కో ఆలస్యం ఉంటుంది, గొంతులు ఒకదానిమీద ఒకటి పడి తెగిపోతాయి. దానికి బదులు ఒక్కరి మైకు తెరవండి, మిగతావాళ్లు మ్యూట్‌లోనే ఉండి గట్టిగా అనాలి. మీరు పెదవుల కదలిక చూడండి. ప్రతి వాక్యానికీ మైకు మారాలి. "ఈసారి మైకు ఎవరిదో!" అనేది వాళ్లకు ఆటలా ఉంటుంది.

ఇల్లే మన తరగతి గది

ఆన్‌లైన్‌లో మనం పోగొట్టుకున్నవి చాలానే ఉన్నాయి. కానీ ఒక్కటి మాత్రం ఎదురు తరగతిలో లేనిది ఇక్కడ ఉంది: పిల్లలు ఇంట్లో ఉన్నారు. తెలుగు బతికి ఉన్నది అక్కడే. వంటింట్లో పోపుల డబ్బా ఉంది, అప్పడాల కర్ర ఉంది, పక్క గదిలో తెలుగు మాట్లాడే అమ్మో నాన్నో ఉన్నారు.

'క' గుణింతం చెబుతున్నారనుకోండి. అక్షరాలు నేర్పాక, "రెండు నిమిషాల్లో 'క' గుణింతంతో మొదలయ్యే వస్తువు ఒకటి తెచ్చి చూపించాలి. పేరు తెలియకపోతే ఇంట్లో అడగాలి, 'దీన్ని తెలుగులో ఏమంటారు?' అని" అని పంపండి. ఇళ్లన్నీ కదులుతాయి. కంచం వస్తుంది, కారం డబ్బా వస్తుంది, కొబ్బరి చిప్ప, కుంకుమ భరిణె, కోడిగుడ్డు వస్తాయి. ఒకడు కిటికీ దగ్గర నిలబడి "ఇది తేలేను!" అంటాడు. ఒకరు ఇంటి తాళాలు ఊపుతూ "కీస్" అంటారు. నవ్వేసి, "అబ్బో, భలే పట్టావు! వాటిని తెలుగులో తాళంచెవులు అంటాం. అవి 'త' గుణింతం రోజుకి దాచుకో" అనండి. కత్తి, గాజు వస్తువులు తేకూడదని మాత్రం ముందే చెప్పాలి.

ఈ ఆటలో అసలు లాభం వస్తువు కాదు. ఆ రెండు నిమిషాల్లో ఎనిమిది ఇళ్లలో ఎనిమిది తెలుగు సంభాషణలు జరిగాయి. మన లెక్కలో లేని సమయం మనకు కలిసొచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఒక ఇంట్లో ఉల్లిపాయ అంటారు, ఇంకో ఇంట్లో ఉల్లిగడ్డ, మరో ఇంట్లో ఎర్రగడ్డ. ఒకరిది ఆనపకాయ, ఒకరిది సోరకాయ. "అది తప్పు, ఇలా అనాలి" అని ఎప్పుడూ అనొద్దు. ఆ మాట ఆ పిల్లవాడి నాయనమ్మ మాట. అన్నీ తెర మీద పక్కపక్కన రాసి, "మీ ఇంట్లో ఏమంటారు?" అని చేతులు ఎత్తించండి. తన ఇంటి మాట బోర్డు మీదికి ఎక్కితే ఏ పిల్లవాడైనా నిటారుగా కూర్చుంటాడు.

ఇంగ్లీషులో జవాబు వస్తే

మన పిల్లల్లో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. "తెలుగులో చెప్పు" అని గద్దిస్తే, తెర మీద అందరి ముందూ ఆ పిల్లకు నోరు పెగలదు. తర్వాతి వారం కెమెరా ఆగిపోతుంది.

ఇలా చేసి చూడండి. "నిన్న ఎక్కడికి వెళ్లావమ్మా?" అంటే "వెంట్ టు ద పార్క్" అంది. "ఓ, పార్కుకి వెళ్లావా! 'పార్కుకి వెళ్లాను.' నువ్వూ ఒకసారి అను" అనండి. ఆమె అన్నాక, "ఎవరితో వెళ్లావు?" అని సంభాషణ ముందుకు సాగనివ్వండి. తప్పు దిద్దినట్టు ఉండదు, వాక్యం మాత్రం నోటికి వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు రెండు జవాబులు ఇచ్చి అడగండి: "పాలు తాగావా, నీళ్లు తాగావా?" ఒక్క మాటతో గెలిచే ప్రశ్న అది. నెల తిరిగేసరికి వాక్యాలు మొదలవుతాయి.

ఉచ్చారణ విషయంలో యంత్రాన్ని కూడా అనుమానించండి. కల, కళ మధ్య తేడా మామూలు మైకులో సరిగా వినబడదు. "ళ" పలికేటప్పుడు కెమెరాకు దగ్గరగా వచ్చి నాలుక ఎలా మడతపడుతోందో చూపించండి. దీర్ఘాలకైతే చేతులు వాడండి: "పడు" అన్నప్పుడు చేతులు దగ్గరగా, "పాడు" అన్నప్పుడు దూరంగా. పిల్లవాడు పడబోతున్నాడో పాడబోతున్నాడో నటించి చూపిస్తే ఆ దీర్ఘం ఇక మరిచిపోడు.

అక్షరం రాసే చెయ్యి కనబడాలి

స్లైడులో అచ్చు అక్షరం చూపిస్తే పిల్లలు దాన్ని బొమ్మలా గీస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు తిప్పాలో, తలకట్టు ఎప్పుడు పెట్టాలో తెలియాలంటే రాస్తున్న చెయ్యి కనబడాలి. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. బల్ల మీద రెండు పక్కలా పుస్తకాలు దొంతరగా పేర్చి, మధ్యలో ఒక గట్టి స్కేలు వేసి, దాని మీద ఫోన్‌ను కెమెరా కిందికి చూసేలా ఉంచండి. ఆ ఫోన్‌తో కూడా తరగతిలో చేరండి. ఫోన్‌లో మైకు, స్పీకరు రెండూ ఆపేయండి, లేకపోతే కీచుమని మోత వస్తుంది.

ఒక 45 నిమిషాల తరగతి నమూనా

మొదటి 5 నిమిషాలు: పలకరింపు. ఒక్కొక్కరూ ఒక్క వాక్యం చెప్పాలి. "ఈ రోజు ఏం తిన్నావు?" చాలు.
తర్వాత 7 నిమిషాలు: పోయిన వారం పాఠం, పలకల మీద.
తర్వాత 8 నిమిషాలు: కొత్త అక్షరాలు. మీ చెయ్యి చూపిస్తూ, వాళ్ల చేత రాయిస్తూ.
తర్వాత 5 నిమిషాలు: లేచి వెళ్లి వస్తువు తెచ్చే ఆట.
తర్వాత 10 నిమిషాలు: తెచ్చిన వస్తువు గురించి మాట్లాడడం. రంగు, రుచి, ఇంట్లో ఎవరు వాడతారు.
తర్వాత 6 నిమిషాలు: చిన్న కథ. మంచి పట్టులో ఆపి "ఇప్పుడేమవుతుంది?" అని అడగండి.
చివరి 4 నిమిషాలు: ఇంటిపని, వీడ్కోలు. ఇంటిపని ఒక్కటే, అదీ నోటితో చేసేది.

ఏ పనీ పది నిమిషాలు దాటలేదని గమనించండి. ఒకటి కుదరకపోతే సాగదీయకుండా తర్వాతిదానికి వెళ్లిపోండి.

కెమెరా ఆపి ఉంచే పిల్లలు

కారణాలు చాలా ఉంటాయి. నెట్ సరిగా లేకపోవచ్చు, వెనక ఇల్లు చిందరవందరగా ఉండవచ్చు, పిల్లకు సిగ్గు కావచ్చు. అందరి ముందు "కెమెరా ఆన్ చెయ్యి" అని పదేపదే అనకండి. తరగతి అయ్యాక తల్లిదండ్రులకు ఫోన్ చేసి నెమ్మదిగా కనుక్కోండి. ఈలోగా ముఖం బదులు పలకనో బొమ్మనో చూపించమనండి, చాట్‌లో జవాబు రాయమనండి. ఏదో ఒక దారిలో పాల్గొంటే చాలు.

తల్లిదండ్రులకు మూడు మాటలు చెప్పండి: పిల్లలు పడకమీద కాకుండా బల్ల దగ్గర కూర్చోవాలి, పక్కన కూర్చుని జవాబులు అందించవద్దు, అడిగితే మాత్రం తెలుగులోనే చెప్పాలి. రికార్డింగ్ వాళ్ల అనుమతి లేకుండా చేయవద్దు. పిల్లల మధ్య ప్రైవేట్ చాట్ ఆపి ఉంచండి. విడి గదులుగా విడదీస్తే ప్రతి గదిలో ఒక పెద్దవాళ్లు ఉండాలి.

గీతల కాగితం

చివరిగా, ఈ వ్యాసంలో ఇంకేదీ పాటించకపోయినా ఇది ఒక్కటి చేయండి. పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. తెలుగులో ఒక మాట పలికినప్పుడల్లా ఆ పేరు పక్కన ఒక గీత. తరగతి అయ్యాక చూడండి. గలగలా మాట్లాడే ఇద్దరికి పదిహేను గీతలు, అల్లరి చేయని నెమ్మదస్తురాలికి ఒకటే గీత. తరగతి బాగా జరిగిందని మనం అనుకున్న రోజునే ఇలా ఉంటుంది. వచ్చే వారం మొదటి ప్రశ్న ఆ ఒక్క గీత ఉన్న అమ్మాయికి.

వీలైతే నెలకొకసారి ఎవరో ఒకరి తాతగారినో అమ్మమ్మగారినో ఐదు నిమిషాలు తరగతికి పిలవండి. తూర్పు తీరంలో శనివారం ఉదయం 10 అంటే ఇండియాలో సాయంత్రం 7:30. నవంబరులో ఇక్కడ గడియారాలు మారాక 8:30. భోజనాల వేళకు ముందో తర్వాతో వాళ్లు దొరుకుతారు. పిల్లలు ఒక్కొక్కరూ ఒక ప్రశ్న ముందే తయారు చేసుకుని అడగాలి: "మీ చిన్నప్పుడు ఏ ఆట ఆడేవారు?" అటునుంచి జవాబు వస్తుంటే గళ్లన్నీ తెరకు దగ్గరగా జరుగుతాయి.

మనం ఈ బడి నడుపుతున్నది అలాంటి మాటల కోసమే. ఫోన్ చేతికిస్తే "హాయ్ అమ్మమ్మా" అని వెంటనే అమ్మకి తిరిగి ఇచ్చేసే పిల్ల, ఇంకో రెండు నిమిషాలు మాట్లాడగలిగితే మన ఏడాది ఫలించినట్టే. ఆ రెండు నిమిషాలు మన గీతల కాగితం మీదే మొదలవుతాయి.