సాగర్‌లో ఫ్యామిలీ ట్రిప్: పెద్ద లాంచీయా, చిన్న స్పీడ్ బోటా? ఏది బెస్ట్?

ఫోన్ కొనేటప్పుడు 6.1 అంగుళాలా, 6.7 అంగుళాలా అని వారం రోజులు పోల్చి చూస్తాం. అదే ఇంట్లో అందర్నీ తీసుకుని బోటింగ్‌కి వెళ్తే మాత్రం ఏది ముందు దొరికితే అది ఎక్కేస్తాం. నిజానికి సైజు చూసుకోవాల్సింది ఇక్కడే.

మన నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్తే నాగార్జునకొండకి లాంచీ ఎక్కొచ్చు. బోటింగ్ పాయింట్లలో మామూలుగా కనిపించే రెండో రకం, నలుగురైదుగురు కూర్చునే స్పీడ్ బోటు. ఈ రెండింటినీ పోల్చి చూద్దాం.

స్టెబిలిటీ

బోటు ఒరిగిపోకుండా నిలబడటంలో వెడల్పుదే పెద్ద పాత్ర. పొడవు అంతే ఉండి వెడల్పు రెట్టింపైతే, నీటి మీద ఆనుకునే ఆకారం వల్ల వచ్చే పట్టు 8 రెట్లు అవుతుంది. అందుకే లాంచీలో బాబాయ్ లేచి అటూ ఇటూ నడిచినా ఏమీ తెలియదు. స్పీడ్ బోటులో ఒక్కరు లేచి నిలబడ్డా ఊగుతుంది.

అలాగని లాంచీలో నిశ్చింతగా ఉండొద్దు. సెల్ఫీ కోసం 40 మంది ఒకే వైపుకి వస్తే, మనిషికి 60 కిలోలు వేసుకున్నా 2,400 కిలోల బరువు ఆ పక్కకి చేరినట్టే.

కంఫర్ట్

నాగార్జునకొండ చేరడానికి లాంచీలో చాలాసేపు పడుతుంది. కానీ నీడ ఉంటుంది, లేచి తిరగొచ్చు. అమ్మమ్మ, చంటిపిల్లలు ఉంటే ఇదే కరెక్ట్. స్పీడ్ బోటు అలల మీద ఎగిరెగిరి పడుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లకి అస్సలు వద్దు. కుర్రాళ్లకి మాత్రం ఆ పది నిమిషాలు పండగే. ముందు సీట్లలో కుదుపు ఎక్కువ, వెనక కూర్చుంటే తక్కువ.

అసలు స్పెక్ ఇదీ

పెద్ద బోటు అయితే సేఫ్ అనుకుంటున్నారా? 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది పెద్ద టూరిస్టు బోటే. అప్పుడు నది వరదలో ఉంది. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో బోల్తాపడిన బోటుకి అనుమతి లేదు, పైగా పరిమితికి మించి జనాన్ని ఎక్కించారు. అంటే సైజు ఒక్కటే మనల్ని కాపాడదు.

ఎక్కే ముందు ఈ నాలుగూ చూడండి:

1. బోటుకి రిజిస్ట్రేషన్ ఉందా? ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021 ప్రకారం ఇది తప్పనిసరి.
2. ఎంతమందిని ఎక్కించుకోవచ్చు, ఎంతమంది ఎక్కారు? లెక్కపెట్టండి. పిల్లల్ని కూడా కలిపే.
3. లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయా? పిల్లలకి పిల్లల సైజే కావాలి. పెద్దవాళ్లది వేస్తే నీళ్లలో పైకి జారిపోతుంది. బకిల్స్ పెట్టుకోవాలి, ఊరికే భుజాన వేసుకుంటే లాభం లేదు.
4. గాలి, వరద ఎలా ఉన్నాయి? డౌటుంటే ఇంకో రోజు వెళ్దాం.

మరి ఫోన్ సంగతి?

ఐపీ68 అని రాసి ఉంది కదా అని ధైర్యం చేయకండి. ఆ టెస్ట్ ల్యాబ్‌లో, కదలని మంచినీళ్లలో చేస్తారు. నీళ్లలో పడి పాడైతే మామూలు వారంటీలో సాధారణంగా రాదు. పౌచ్ కొంటే ముందు లోపల టిష్యూ పేపర్ పెట్టి, బకెట్ నీళ్లలో అరగంట ముంచి చూడండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది కాబట్టి, మాచర్లలోనే ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి.

ఫైనల్ వెర్డిక్ట్

పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఫ్యామిలీకి లాంచీ. ఫ్రెండ్స్‌తో చిన్న రైడ్‌కి స్పీడ్ బోటు. ఏదైనా సరే, జాకెట్ లేదన్నా, పరిమితి దాటినా దిగిపోండి. టికెట్ డబ్బులు పోతే పోయాయి, మళ్లీ సంపాదించుకోవచ్చు.