గది మారినా బడి మారకూడదు

వడోద్ (సూరత్): పాండేసరా పారిశ్రామికవాడకు చేరువలోని వడోద్ ప్రాంతంలో వలస కార్మిక కుటుంబానికి ఇల్లంటే చాలావరకు ఒక్క అద్దె గదే. మిల్లులో పని తగ్గినా, యజమాని అద్దె పెంచినా ఆ గదినీ ఖాళీ చేయక తప్పదు. మూటాముల్లె సర్దుకోవడం పెద్దలకు అలవాటే. పిల్లలు మాత్రం గది మారిన ప్రతిసారీ బడిని, నేస్తాలను, ఒక్కోసారి ఒక విద్యా సంవత్సరాన్నే పోగొట్టుకుంటున్నారు.

వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాలను నమ్ముకుని సూరత్ చేరిన తెలుగు కుటుంబాలకు ఈ కష్టం కొత్త కాదు. 1994లో ప్లేగు, 2006లో తాపీ వరద, 2020లో లాక్‌డౌన్ నగరంలోని వలస కార్మికులను చెల్లాచెదురు చేశాయి. అలాంటప్పుడు పెద్దల ఉపాధి చర్చకు వచ్చినంతగా పిల్లల చదువు రాదు.

పిల్లల పెంపకానికి సొంత ఇల్లు తప్పనిసరి కాదు. వారి జీవితంలో మారనివి కొన్ని ఉండటమే ముఖ్యం. వాటిలో మొదటిది బడి. వీలైనంతవరకు పాత బడికి నడిచి వెళ్లగల దూరంలోనే కొత్త గది చూసుకోవడం మేలు. అది కుదరనప్పుడు 2009 నాటి విద్యాహక్కు చట్టం అండగా ఉంది. 6 నుంచి 14 ఏళ్ల బాలలను బదిలీ పత్రం ఆలస్యమైందనో, వయసు ధ్రువపత్రం లేదనో ప్రభుత్వ బడులు తిప్పి పంపరాదు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది.

రెండవది తిండి. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద స్వగ్రామంలో కార్డు ఉన్నవారు సూరత్ చౌకధరల దుకాణంలోనూ బియ్యం, గోధుమలు పొందవచ్చు. ఊళ్లో మిగిలినవారు తమ వాటాను అక్కడే తీసుకోవచ్చు. మూడవది టీకాల కార్డు. అది భద్రంగా ఉంటే ఆగినచోటి నుంచి టీకాలు కొనసాగుతాయి.

నాల్గవది దినచర్య. రాత్రి షిఫ్టు ముగించిన తండ్రి పగలు నిద్రించే ఒంటి గదిలో పిల్లలకు చదువుకునే చోటు ఉండదు. అయినా రోజూ ఒకే వేళకు భోజనం, ఒకే వేళకు పడక పిల్లలకు ధైర్యాన్నిస్తాయి. గది మారుతున్న సంగతి వారికి ముందుగానే చెప్పడం అవసరం.

అయితే తల్లిదండ్రుల శక్తికి హద్దుంది. రాతపూర్వక అద్దె ఒప్పందం లేని కుటుంబానికి చిరునామా రుజువు దొరకదు. కార్మికుల శ్రమతో ఎదిగిన నగరం వారికి నిలకడైన నీడ కల్పించనంతకాలం పిల్లల భవిష్యత్తు ఆ మూటతోపాటే తిరుగుతూ ఉంటుంది.