బొమ్మ కారుకు కవచం

రిమోట్ కంట్రోల్ కారును మీరు చూసే ఉంటారు. చేతిలోని మీట నొక్కితే చాలు, రివ్వున దూసుకుపోతుంది. ఇక చిలమత్తూరు చుట్టుపక్కల నేల ఎలాంటిదో మీకు తెలుసు కదా! ఎర్రమట్టి, గరుకు ఇసుక, అడుగడుగునా పైకి తేలిన బండరాళ్ళు. అటువంటి నేల మీద ఆ కారు నాలుగు రోజులు పరుగులు తీస్తే ముందుగా దెబ్బతినేది ఏది? చాలాసార్లు మోటారు కాదు, బ్యాటరీ కాదు. పైనున్న ప్లాస్టిక్ తొడుగు. దీన్నే బాడీ అంటారు.

బాడీ పగలగానే చాలామంది దాన్ని పారేస్తారు. కొత్తది కావాలంటే ఇంట్లో మళ్ళీ డబ్బు అడగాలి. పారేసిన ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి మట్టిలో కలవదు. అందువల్ల బాడీని కాపాడుకోవడం నేర్చుకుంటే రెండు విధాలా లాభమే.

"బాడీని రెండింతలు మందంగా చేస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. సరిపోదు. ఎందుకో చూద్దాం.

దెబ్బ ఎంత గట్టిది?

ఒకటిన్నర కిలోల బరువున్న కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. అంటే సెకనుకు 10 మీటర్లు. గతిజ శక్తి కనుక్కునే సూత్రం మీ పాఠంలో ఉన్నదే: ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. లెక్క వేస్తే 75 జౌళ్ళు వస్తుంది. కారును సుమారు 5 మీటర్ల ఎత్తు నుంచి కింద పడేస్తే ఎంత దెబ్బో, ఆ వేగంతో గోడకు గుద్దుకున్నా అంతే దెబ్బ!

ఆ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. కారు 1 సెంటీమీటరు దూరంలో ఆగిపోతే దాని మీద పనిచేసే సగటు బలం 7,500 న్యూటన్లు. ముందు భాగం వంగి, నలిగి, 3 సెంటీమీటర్ల దూరంలో ఆగితే 2,500 న్యూటన్లు మాత్రమే. చూశారా! ఆగే దూరం మూడింతలైతే బలం మూడో వంతుకు తగ్గింది.

అంటే మంచి కవచం మొండిగా ఎదురు నిలిచేది కాదు. కొంచెం వంగి, దెబ్బను మింగి, మళ్ళీ తన ఆకారానికి వచ్చేది. మందం పెంచితే బాడీ బిగుసుకుపోతుంది, వంగదు. పైగా బరువు పెరుగుతుంది. పైభాగం బరువెక్కిన కారు మలుపుల్లో త్వరగా పల్టీ కొడుతుంది. పల్టీ కొడితే మళ్ళీ దెబ్బ బాడీకే!

నిజమైన కార్లలోనూ ఇదే సూత్రం ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ఉంది. 2019 ఆగస్టులో అక్కడ మొదటి సెల్టోస్ కారు తయారై బయటికి వచ్చింది. ఈ కాలపు కార్లలో దేన్నయినా గమనించండి. ముందు బంపరు పైపొర వంగే ప్లాస్టిక్. గుద్దుకున్నప్పుడు ముందు భాగం క్రమంగా నలిగేలా, మనుషులు కూర్చునే భాగం మాత్రం గట్టిగా నిలిచేలా వాటిని రూపొందిస్తారు.

వంగే ప్లాస్టిక్

చవక బొమ్మ కార్లకు గట్టి ప్లాస్టిక్ బాడీలు ఉంటాయి. పోటీల్లో పరుగెత్తే కార్లకు వాడేది పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. 1953లో జర్మనీలో బేయర్ సంస్థకు చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన డేనియల్ ఫాక్స్ దీన్ని ఎవరికి వారే కనుగొన్నారు. పాటల సీడీలు దీనితో చేసినవే. పోలీసులు అల్లర్లలో పట్టుకునే పారదర్శకమైన డాళ్ళూ చాలావరకు దీనితో చేసినవే.

బొమ్మ కారు కోసం సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉన్న పాలీకార్బొనేట్ రేకును వేడిచేసి మెత్తబరుస్తారు. దాన్ని అచ్చు మీద పరిచి, కింది నుంచి గాలిని లాగేస్తారు. వాతావరణ పీడనం రేకును అచ్చుకు అదిమిపెడుతుంది. చల్లారాక అది కారు ఆకారంలో నిలిచిపోతుంది.

పగులు ఎక్కడ పుడుతుంది?

షాంపూ ప్యాకెట్‌ను నున్నని చోట పట్టుకుని చించడానికి ప్రయత్నించండి. ఒక పట్టాన చిరగదు. అంచున చిన్న గాటు పెట్టి లాగండి. సర్రున చిరుగుతుంది! రెండుసార్లూ ప్యాకెట్ ఒకటే. తేడా అంతా ఆ గాటులోనే ఉంది.

1913లో ఇంగ్లిస్ అనే బ్రిటిష్ ఇంజనీరు దీనికి లెక్క చూపించాడు. పెద్ద రేకును లాగినప్పుడు, అందులో గుండ్రని రంధ్రం ఉంటే దాని అంచు దగ్గర ప్రతిబలం మూడింతలవుతుంది. రంధ్రం మూల పదునుదేరిన కొద్దీ అది ఇంకా పెరిగిపోతుంది. 1954 జనవరి, ఏప్రిల్ నెలల్లో రెండు కామెట్ విమానాలు మధ్యధరా సముద్రం మీద గాలిలోనే విచ్ఛిన్నమై, వాటిలో ఉన్నవారంతా మరణించారు. లోహపు గోడలో కోసిన కంతల మూలల దగ్గర పుట్టిన పగుళ్ళే కారణమని పరిశోధనలో తేలింది. ఈనాటి విమానాల కిటికీల మూలలు ఎంత గుండ్రంగా ఉంటాయో ఫొటోల్లో చూడండి.

మీ బొమ్మ కారు బాడీలో కూడా చక్రాల కోసం కోసిన వంపులూ, పిన్నులు దూర్చే రంధ్రాలూ ఉన్నాయి. పగుళ్ళు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

తోలుబొమ్మ, పట్టుచీర

పలుచని వస్తువుకు బలం తెచ్చే ఉపాయాలు మన ప్రాంతపు పనివారికి కొత్త కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలుతో బొమ్మలు చేస్తారు. తోలు వెలుతురు పారేంత పలుచన. కానీ బొమ్మ నిటారుగా నిలబడాలి. అందుకని చీల్చిన పుల్ల మధ్య బొమ్మను నిలువునా బిగిస్తారు. తోలు మందం పెంచరు, అవసరమైన చోట ఒక వెన్నెముకను ఇస్తారు.

ఇక ధర్మవరం పట్టుచీరను చూడండి. పడుగు నిలువుకు, పేక అడ్డానికి. రెండూ అల్లుకోవడం వల్ల చీర రెండు వైపులా లాగుడుకు తట్టుకుంటుంది. ఒక పోగు తెగినా పక్క పోగులు భారం పంచుకుంటాయి.

గాజునార వల కూడా ఇటువంటిదే. గాజు పెళుసు కదా, దాని నార గట్టిదా అని సందేహమా? సన్నని దారంగా తీసిన గాజులో పెద్ద గాట్లకు చోటు ఉండదు. అందుకే అది లాగుడుకు బాగా ఆగుతుంది. సీలింగు అతుకుల మీద అంటించే తెల్లని వల టేపు ఇదే. హార్డ్‌వేరు దుకాణాల్లో దొరుకుతుంది.

మీరే చేయండి

1. కొత్త బాడీని కత్తిరించేటప్పుడు మూలలన్నీ గుండ్రంగా తీయండి. అంచులను సన్నని గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. ఒక్క గాటు కూడా మిగలకూడదు.

2. పారదర్శకమైన బాడీకి రంగు లోపలి వైపు వేయాలి. అప్పుడు రాళ్ళకు గీసుకుపోయేది ప్లాస్టిక్ పైముఖమే, రంగు చెక్కుచెదరదు. ముందుగా సబ్బునీటితో కడిగి ఆరబెట్టండి. పాలీకార్బొనేట్‌కు పనికివస్తుందని డబ్బా మీద రాసి ఉన్న రంగునే వాడండి. అది ప్లాస్టిక్‌తోపాటు వంగుతుంది.

3. రంగు పూర్తిగా ఆరాక, ముందు మూలలకు, చక్రాల వంపులకు, పిన్ను రంధ్రాల చుట్టూ లోపలి నుంచి వల టేపు ముక్కలు పెట్టండి. వాటి మీద, ఆరినా రబ్బరులా సాగే జిగురును పలుచగా పూయండి. ఒక రాత్రి ఆరనివ్వండి. బాడీ అంతా పూయకండి, బరువు పెరుగుతుంది.

4. ముందు బంపరుకూ బాడీకీ మధ్య స్పాంజి ముక్క పెట్టండి. ఆగే దూరం పెరుగుతుంది.

5. అప్పటికే పగులు ఉంటే దాని కొస ఎక్కడుందో వెతికి, సరిగ్గా అక్కడ 2 మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రం వేయండి. పదునైన కొస పోయి గుండ్రని అంచు వచ్చింది కాబట్టి పగులు సాగడం ఆగిపోతుంది. ఆ తరువాత లోపల వల టేపు అంటించండి.

జాగ్రత్త!

పెట్రోలు, థిన్నరు, గోళ్ళ రంగు తుడిచే అసిటోను పాలీకార్బొనేట్‌కు బద్ధశత్రువులు. ఇవి తగిలితే ప్లాస్టిక్‌లో సన్నని పగుళ్ళు పుడతాయి. జిగుళ్ళలోనూ ఇటువంటి ద్రావకాలు ఉంటాయి. కనుక కత్తిరించగా మిగిలిన ముక్క మీద ముందు పూసి, ఒక రోజు ఆగి, వంచి చూడండి. క్షణంలో అంటుకునే సూపర్ గ్లూ ఆరాక పెళుసుగా మారుతుంది, మరుసటి దెబ్బకే ఊడివస్తుంది.

రంగు, జిగురు పని ఆరుబయట చేయండి. వాటి ఆవిరి పీల్చడం ప్రమాదం. గాజునార పొడి చర్మానికి దురద కలిగిస్తుంది, కాబట్టి తొడుగులు వేసుకోండి. బ్లేడు, డ్రిల్లు వాడేటప్పుడు పెద్దవాళ్ళను పక్కన ఉండమనండి.

ఒక చిన్న ప్రయోగం

రెండు పుస్తకాల మధ్య ఒక కాగితాన్ని వంతెనలా పరచండి. ఒక రూపాయి బిళ్ళ పెడితే కుంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా మడతలు వేసి మళ్ళీ పరచండి. ఈసారి ఎన్ని బిళ్ళలు మోస్తుందో లెక్కపెట్టండి. కాగితం అదే, బరువూ అంతే. మరి ఈ బలం ఎక్కడి నుంచి వచ్చింది? జవాబు ఆలోచిస్తూ మీ బొమ్మ కారు బాడీ మీదున్న గీతలనూ, వంపులనూ ఒకసారి వేలితో తడిమి చూడండి. అవి అందం కోసమే పెట్టినవి కావని మీకే తెలుస్తుంది.